ఆ రాతి ఇంట్లో పాలు తోడుపెట్టిందెవరు?

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అమెరికాలో మా షామ్‌బర్గ్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి నలుగురు ఆడవాళ్ళు చేరితే చాలు, ఒకావిడ మేనత్తకి పూనకం వచ్చిందంటుంది, ఇంకొకావిడ హాస్టల్లో గజ్జెల చప్పుడు విన్నానంటుంది. నేను ఊరుకోను. ఎవరు విన్నారు, ఎన్నిసార్లు విన్నారు, పక్కన ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతాను. దాంతో కథ చప్పబడిపోతుంది. తప్పు నాది కాదు, నా ఉద్యోగం అలాంటిది. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఎవరైనా వచ్చి ఫలానాది పాడైందంటే, నా కళ్ళ ముందు మళ్ళీ జరిగితే తప్ప నమ్మను.

అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను, ఇది నేను భయపడిన సంగతి కాదు. ఆ పది రోజులంత హాయిగా నేను ఈమధ్య ఎప్పుడూ లేను.

మా ఆయన పేరు ప్రసాద్. యాభై రెండేళ్ళు. కిందటేడాది గొంతులో గడ్డ లేచింది. కాన్సర్ అన్నారు. రేడియేషన్ ఇచ్చారు, గడ్డ కరిగిపోయింది, అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. కానీ గడ్డతో పాటు నాలుక మీద రుచి కూడా పోయింది. నోరు ఎండిపోయేది. ఏది పెట్టినా "సుద్ద నమిలినట్టుంది ఉమా" అని పళ్ళెం పక్కకి జరిపేవారు. ఒకప్పుడు గోంగూర పచ్చడి కనిపిస్తే గిన్నెడు అన్నం లాగించే మనిషి. ఆయన బెల్టుకి కొత్త బెజ్జాలు పొడిచింది నేనే, మేకూ సుత్తీ పట్టుకుని.

డాక్టర్ మెత్తగానే చెప్పాడు. వచ్చే నెల చూపించుకోవడానికి వచ్చేసరికి బరువు పెరగకపోతే పొట్టలోకి ట్యూబ్ వేయాలి, కొన్నాళ్ళు తిండి అందులోంచే. ఇంటికొచ్చి గరాజ్‌లో కారు ఆపాక ప్రసాద్, "ట్యూబ్ వేస్తే ఇంక నోటితో తినడం అనేది మర్చిపోతానేమో ఉమా" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు.

వైద్యం జరిగినన్నాళ్ళూ ఆయన ఫోన్‌లో ఒకటే చూసేవారు. ఫ్రాన్స్ మధ్యలో ఓవెర్న్ అని ఒక ప్రాంతం ఉంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతాలు, వాటి నిండా పచ్చగడ్డి, నల్లరాతి ఇళ్ళు, మెళ్ళో గంటలతో ఎర్రటి ఆవులు. ఆ వీడియోలు పెట్టుకుని కళ్ళార్పకుండా చూసేవారు. డాక్టర్ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు, "ఒక్కసారి అక్కడికెళ్ళి కూర్చోవాలనుంది" అన్నారు. నేను ఎగిరిపడ్డాను. "అన్నం దిగట్లేదు గానీ ఫ్రాన్స్ కావాల్సొచ్చిందా!" అన్నాను.

మా అమ్మాయి సాహితి కాలేజీ రెండో ఏడు చదువుతోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఫోన్‌లో నన్ను కేకలేసింది. "అమ్మా, డాడీ ఎప్పుడూ ఏదీ అడగడు. ఈ ఒన్ థింగ్ అడిగాడు. జస్ట్ వెళ్ళండి" అంది. ఇల్లు కూడా అదే బుక్ చేసింది. డాక్టర్‌ని అడిగితే, గాలి మార్పు మంచిదే, వెళ్ళి రండి అన్నాడు. ఇంక నా మాట ఎవరు వింటారు?

సెప్టెంబర్ మొదట్లో బయల్దేరాం. మన ఆడవాళ్ళ సూట్‌కేసుల సంగతి చెప్పక్కర్లేదు కదా. సోనా మసూరి బియ్యం, చిన్న కుక్కర్, పొడులు, జిప్ కవర్లో ఎండుమిరపకాయలు, ఆ కవర్‌కి చుట్టూ టేపు. అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్రం చేతిసంచిలో పెట్టుకున్నాను. చిన్న స్టీలు డబ్బాలో తోడు పెరుగు. ఆయనకి రోజు మొత్తంలో ఓ నాలుగు ముద్దలు దిగేది పెరుగన్నమే, అదీ కళ్ళనీళ్ళ మీద. ఊరు కాని ఊళ్ళో పెరుగు లేకపోతే ఆ నాలుగు ముద్దలు కూడా ఉండవు.

ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో డబ్బా తీసి పక్కన పెట్టారు. లిక్విడ్ అట. గట్టిగా తోడుకున్న పెరుగు లిక్విడ్ ఎలా అవుతుందో చెప్పమన్నాను. డబ్బా బోర్లించి చూపిస్తానన్నాను. వెనక లైన్ ఆగిపోయింది. ప్రసాద్ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. పదహారేళ్ళ కిందట మా స్నేహితురాలు పద్మ ఇంట్లోంచి తెచ్చుకున్న తోడు అది, ఒక్కరోజు తప్పకుండా నిలబెట్టుకుంటూ వచ్చాను. అట్లాంటిక్ దాటేదాకా సణుగుతూనే ఉన్నాను.

విమానం దిగాక మూడు గంటలు కారు నేనే నడిపాను. పట్టుమని ఇరవై ఇళ్ళు లేని ఊరు. మేం దిగిన ఇల్లు ఊరి చివర ఉంది. మూరెడు మందాన రాతి గోడలు, పలకరాళ్ళ కప్పు, లోపల మనిషి నిలబడగలిగేంత పొయ్యిగూడు. వంటకి మాత్రం కరెంటు స్టవ్. ఇంటావిడ పేరు ఒదెట్, డెబ్బై దాటిన మనిషి, రోడ్డుకి అవతల ఇంట్లోనే ఉంటుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఫ్రెంచి రాదు. ఇద్దరి మధ్యా ఫోన్ పెట్టుకుని, అది అనువాదం చేస్తుంటే మాట్లాడుకున్నాం. ఆవిడ ప్రసాద్‌ని కిందినుంచి పైదాకా ఓసారి చూసింది. వెంటనే వెళ్ళి, అప్పుడే పితికిన పాలు క్యాన్‌తో తెచ్చి బల్ల మీద పెట్టింది.

అది ఆదివారం మధ్యాహ్నం. కొట్లన్నీ మూత. పాలు స్టవ్ మీద పెట్టి పొంగించాను. గోరువెచ్చగా అయ్యాక అలవాటు కొద్దీ చెయ్యి పక్కకి పోయింది. తోడు డబ్బా లేదన్నది అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళు మండింది. చేసేదేం లేక గిన్నె స్టవ్ మీదే వదిలేసి పైన పళ్ళెం మూత పెట్టాను. ఒదెట్ మా ఇద్దరినీ ఆవుల్ని చూపిస్తానని తీసుకెళ్ళింది. తలుపుకి తాళం వేశాను. ఉన్న రెండు తాళంచెవులూ ఆవిడ మొదటే నా చేతికిచ్చేసింది, అవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి. రెండింటికి వెళ్ళి ఆరున్నరకి తిరిగొచ్చాం. అంతసేపూ ముగ్గురం కలిసే ఉన్నాం. ఇది గుర్తుపెట్టుకోండి.

తిరిగొచ్చేసరికి స్టవ్ మీద గిన్నె లేదు.

పొయ్యి పక్క గోడలో నడుమెత్తున ఒక గూడు ఉంది. గిన్నె అందులో ఉంది. ఇంట్లో ఉన్న గళ్ళ తువ్వాలు చుట్టి, పైన ముడి వేసి ఉంది. ముడి విప్పి మూత తీశాను. పెరుగు. కత్తి పెట్టి కోస్తే ముక్కలుగా వచ్చేంత గడ్డపెరుగు. మీద చెయ్యి మందాన మీగడ, అది కూడా తెల్లగా కాదు, ఎర్రగా కాగిన పాల మీగడ రంగులో ఉంది.

దొంగలు పడి పెరుగు తోడేసి పోయారా అనుకుని నవ్వాను. ఇంకేం అనుకోను? అన్నం వండి, భయపడుతూ భయపడుతూ ముందు నేను రుచి చూశాను. ఏదో తెలియని పొగ వాసన. పాలు అడుగంటాయేమోనని గిన్నెలో ఒక పక్క అడుగుదాకా గరిటె పెట్టి చూస్తే తెల్లగా శుభ్రంగా ఉంది. బాగానే ఉంది కదా అని ఆయనకి నాలుగు ముద్దలు కలిపి పెట్టాను. తినేశారు. పళ్ళెం నా వైపు తోశారు. పక్కకి జరుపుతున్నారేమో అనుకుని తీయబోయాను.

"ఇంకాస్త పెట్టు" అన్నారు.

మూడుసార్లు పెట్టించుకున్నారు. "కమ్మగా ఉంది ఉమా" అన్నారు. ఆ మాట విని ఎన్ని నెలలైందో! నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత ఆయన గిన్నె అడుగు గోకుతూ ఆగిపోయారు. వేలితో ఏదో పైకి తీశారు. ఎండుమిరపకాయ. తొడిమతో సహా.

దాన్ని వెలుతురుకి పట్టుకుని చూశారు. "మా అమ్మ ఇలాగే వేసేది. తోడు లేనినాడు తొడిమతో ఉన్న మిరపకాయ వేసేది. దాలి మీద కాగిన పాలు కదా, ఆ పొగ వాసన కూడా ఇదే" అన్నారు.

దాలి అంటే ఏంటో నాకు ఆయనే చెప్పారు. పెరట్లో గుంట తవ్వి, పిడకల సెగ మీద పాలకుండ పొద్దస్తమానం కాగనిస్తారట. నేను విజయవాడ అపార్ట్‌మెంట్లో ప్యాకెట్ పాలు తాగి పెరిగినదాన్ని. ఆ వాసన నాకు ఎప్పుడూ తెలీదు. ఆయన అమ్మగారు ఆయన ఇంజనీరింగ్‌లో ఉండగానే పోయారు. నేను ఫొటోలో తప్ప చూడలేదు. ఆవిడ పెరుగు ఎలా తోడుపెట్టేదో మా ఇద్దరి మధ్యా ఏనాడూ మాటల్లో రాలేదు. నేను గట్టిగా అడిగాను కూడా. నాకెప్పుడైనా చెప్పారా అని. లేదన్నారు.

మర్నాడు పొద్దున్నే ఒదెట్‌ని పట్టుకున్నాను. ఆవిడ నా ఫోన్ చదువుకుని భుజాలెగరేసింది. నేను మీతోనే ఉన్నాను కదా అంది. గోడలో గూడు గురించి అడిగితే, అది మా అత్తగారి కాలంలో పాలు పెట్టే చోటు, ఇప్పుడెవరూ వాడరు అంది. మిరపకాయ చూపిస్తే వాసన చూసి నాలుగు తుమ్ములు తుమ్మింది. ఇలాంటిది ఆవిడ ఇంట్లో లేదు, ఊళ్ళో కూడా దొరకదు అంది.

సరే, నావే ఒకటి ఎలాగో పడి ఉంటుందని సూట్‌కేసు తీశాను. జిప్ కవర్ చుట్టూ నేను వేసిన టేపు వేసినట్టే ఉంది. పైగా నేను తెచ్చినవి ఇండియన్ స్టోర్‌లో కొన్న, తొడిమలు తీసేసిన మిరపకాయలు. ఒక్కదానికీ తొడిమ లేదు. అన్నీ బల్ల మీద పోసి మరీ చూశాను.

రెండో రోజు కూడా అలాగే జరిగింది. మూడో రోజూ, నాలుగో రోజూ అంతే. నేను పాలు కాచి స్టవ్ మీద వదిలి, తాళం వేసి బయటికి వెళ్ళడం. వచ్చేసరికి గిన్నె గూట్లో, తువ్వాలు ముడి వేసి, అడుగున తొడిమతో ఒక మిరపకాయ. మొదట ప్రసాద్ మీదే అనుమానపడ్డాను. మనిషి కుళ్ళు జోకులు వేసే రకమే. కానీ ఆ రోజుల్లో ఆయన నా చెయ్యి వదిలి పది అడుగులు నడవలేరు. నా కళ్ళు గప్పి వెళ్ళి రావడం జరిగే పని కాదు.

ఈ లోపల మా రోజులు ఎలా గడిచాయో చెప్పకపోతే పాపం తగులుతుంది. పొద్దున పదింటికి రొట్టెల బండి హారన్ కొట్టుకుంటూ వచ్చేది. మన వీధుల్లోకి కూరల బండి వచ్చినట్టే. ఊరు ఊరంతా సంచులు పట్టుకుని బయటికొచ్చేది. అందరూ అందరికీ చేతులిచ్చేవాళ్ళు. మాకు కూడా ఇచ్చేవాళ్ళు. మధ్యాహ్నం కొట్లన్నీ మూసేసి తీరిగ్గా భోజనం చేసేవాళ్ళు. ఎందుకైనా మంచిదని ఇంకో ఊళ్ళో కాస్త పెరుగు కొందామని ఒక కొట్లోకి వెళ్ళి నేను పలకరింపు లేకుండా సూటిగా సరుకు అడిగాను. కొట్టావిడ నన్ను చూడనట్టే ఊరుకుంది. బయట ప్రసాద్ నవ్వారు. "ముందు బోంజూర్ చెప్పాలి తల్లీ. ఇక్కడ నీ ఎంక్వైరీలు చెల్లవు" అన్నారు. ఆయన నవ్వి కూడా చాలా రోజులైంది కాబట్టి నేను రోషపడలేదు.

గుట్టల మీద గడ్డి కోసిన వాసన. ఎటు నడిచినా ఆవుల గంటలు. ఆ ప్రాంతంలో చిన్న ఆకుపచ్చ పప్పు ఒకటి పండుతుంది, చూడ్డానికి పెసల్లా ఉంటుంది. నేను దాంతో టమాటా పప్పు చేసి తిరగమోత పెడితే ఒదెట్ రొట్టెతో నంజుకుని గిన్నె ఖాళీ చేసింది. బదులుగా నాకు చీజ్ గడ్డ ఎలా పిండాలో నేర్పింది. భాష లేకుండా ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లో అన్నేసి గంటలు కబుర్లు చెప్పుకోవచ్చని నాకు తెలీదు. ఆఫీస్ మెయిల్ ఒక్కసారి కూడా తెరవలేదు.

నాలుగో రోజు సాయంత్రం, తువ్వాలు ముడి విప్పుతూ నేను, "రేపు ఫోన్ పెట్టి రికార్డ్ చేస్తా" అన్నాను.

ప్రసాద్ ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. "వద్దు ఉమా. టెస్టింగ్ మొదలుపెట్టకు. నన్ను అన్నం తిననీ" అన్నారు.

సరే అన్నాను. ఒట్టు కూడా వేశాను. కానీ పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా! నాకు ఆ రాత్రంతా అదే ధ్యాస. ఐదో రోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బియ్యప్పిండి తీసి, ముగ్గు వేసే వేళ్ళతో వంటింటి గడప మీద పలచగా చల్లాను. కిటికీకి లోపలి గడియ పెట్టాను. పాత ఫోన్‌ని కాఫీ డబ్బా వెనక నిలబెట్టి స్టవ్ వైపు తిప్పి రికార్డింగ్ నొక్కాను. పాలు కాచి, మూత పెట్టి, తాళం వేసి, తాళంచెవులు రెండూ జాకెట్ లోపలి జేబులో దోపుకున్నాను. చాలా గర్వంగా ఉంది నాకు. ఇవాళ తేలిపోతుంది అనుకున్నాను.

తేలింది. తిరిగొచ్చేసరికి గిన్నె స్టవ్ మీదే ఉంది. పెట్టినట్టే ఉంది. మూత తీస్తే చల్లారిన పాలు, పైన ముడతలు పడిన తెర. గడప మీది పిండిపై ఈగ కూడా వాలలేదు. ఫోన్‌లో నాలుగు గంటల వీడియో ఉంది, స్టవ్ తప్ప ఏమీ లేదు.

నేను చూసుకోకుండా వెనకాలే ప్రసాద్ వచ్చారు. గిన్నె చూశారు, కాఫీ డబ్బా వెనక ఫోన్ చూశారు, గడప మీద పిండి చూశారు. కేకలేస్తారనుకున్నాను. "చెప్పానుగా" అని మాత్రం అని, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

ముందే కొని ఉంచిన కొట్టు పెరుగు అన్నంలో కలిపి పెట్టాను. మంచి పెరుగే. రెండు ముద్దలు తిని, "సుద్ద" అన్నారు. మళ్ళీ అదే మాట. పళ్ళెం మళ్ళీ పక్కకి జరిగింది. నాకు డాక్టర్ మొహం, ఆ ట్యూబ్ కళ్ళ ముందు కనిపించాయి. నా చేత్తో నేనే ఆయన నోటి దగ్గరి ముద్ద తీసేశాను కదా అని ఆ రాతి తొట్టిలో గిన్నెలు తోముతూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో కూడా తెలీదు. నమ్మని దాని మీద అలిగి ఏడ్చే మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మర్నాడు పొద్దున్నే లేచి గడప కడిగాను. మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ పెట్టి, పిండి రవ్వ కూడా లేకుండా తుడిచాను. కిటికీ గడియ తీశాను. ఫోన్ తీసి సూట్‌కేసు అడుగున పడేశాను. పాలు కాచాను. బయటికి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేశాను తప్ప తాళం వేయలేదు. ప్రసాద్ అది చూశారు. గుట్ట మీద కూర్చుని ఆవుల్ని చూస్తున్నామే గానీ నా ప్రాణం వంటింట్లోనే ఉంది. ఆయన ప్రాణం కూడా అక్కడే ఉందని తెలుస్తూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆయనే ముందు నడిచారు. నా చెయ్యి పట్టుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి, "ఉమా!" అని పిలిచారు.

గిన్నె గూట్లో ఉంది. ముడి వేసి ఉంది.

ఆ రోజు నేను కూడా పక్కనే కూర్చుని ఒకే పళ్ళెంలో తిన్నాను. ఒదెట్ ఏదో పని మీద వచ్చి, మేమిద్దరం చేత్తో కలుపుకుని తింటుంటే చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడకి ఓ ముద్ద పెట్టాను. నములుతూ కళ్ళు మూసుకుంది. తర్వాత ఫోన్‌లో ఏదో చెప్పింది. తెలుగులో ఇలా వచ్చింది: "ఈ పాలు నా ఆవులవి. ఈ రుచి నాది కాదు."

మిగిలిన రోజులు మళ్ళీ తప్పలేదు. నేను కూడా దేన్నీ కదపలేదు. ఎనిమిదో రోజు ఇద్దరం ఊరి పైనున్న గుట్ట ఎక్కాం. దిగేటప్పుడు కంచె పక్కన నల్లటి పండ్లు గుత్తులుగా ఉన్నాయి. ఆయన ఒకటి కోసుకుని నోట్లో వేసుకుని మొహం వికారంగా పెట్టారు. "పులుపు! ఛీ, ఎంత పుల్లగా ఉందో!" అన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఆ పొద మొత్తం ఖాళీ చేశారు, పుల్లగా ఉందని తిట్టుకుంటూనే. సాహితి ఆ సాయంత్రం వీడియో కాల్ చేసింది. ఆయన నాలుక బయటపెట్టి చూపించారు, ఊదా రంగులో. "ఓ మై గాడ్ డాడీ, మీరు తింటున్నావా?" అని అది ఏడవడం మొదలుపెట్టింది.

మీకు ఎదురుచూపులెందుకు, చెప్పేస్తాను. ట్యూబ్ పడలేదు. డాక్టర్ దగ్గర స్కేలు ఎక్కిన రోజు నేను కళ్ళు మూసుకున్నాను. నర్సు "గుడ్" అన్నాక తెరిచాను. ఇప్పుడు మా ఇంట్లో మామూలు పెరుగే, పద్మ దగ్గర్నుంచే మళ్ళీ తోడు తెచ్చుకున్నాను. ఆయన మామూలుగానే తింటున్నారు. గోంగూర కూడా మొదలుపెట్టారు. బెల్టుకి నేను పొడిచిన బెజ్జాలు వాడకంలో లేవు.

ఇంక వివరణలంటారా, నా దగ్గర చాలానే ఉన్నాయి. రేడియేషన్ అయిన కొన్ని నెలలకి రుచి దానంతటదే తిరిగొస్తుందని డాక్టరే అన్నాడు. అప్పటికి టైమ్ అయింది కాబట్టి వచ్చి ఉండొచ్చు. పాత గిన్నెలో, పాత ఇంట్లో పాలు వాటంతటవే తోడుకుని ఉండొచ్చు. సాహితి అయితే, "అమ్మా, మీ ఇద్దరికీ జెట్‌లాగ్. నువ్వే చేసి ఫర్‌గెట్ అయ్యావు" అని తేల్చేసింది. ఎనిమిదిసార్లు మర్చిపోయానా? పాలు తోడుకోవడానికి కారణం చెప్పగలను. గిన్నె స్టవ్ దిగి గూట్లోకి వెళ్ళడానికి, తువ్వాలుకి ముడి పడడానికి, నా దగ్గర లేని తొడిమల మిరపకాయకి కారణం చెప్పలేను. ఐదో రోజు ఎందుకు జరగలేదో అసలే చెప్పలేను. పద్మ మాత్రం వినీ వినగానే, "ఇంకెవరు, మీ అత్తగారే" అంది. పాట్‌లక్‌లో నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. ఎవరు చూశారు, ఎన్నిసార్లు చూశారు అని అందరూ కలిసి నన్నే అడిగారు. పడ్డాను.

ఒక్క సంగతి మాత్రం ప్రసాద్‌కి కూడా చెప్పలేదు.

వచ్చేసే రోజు పొద్దున పాలు కాచలేదు. గిన్నె తోమి బోర్లించాను. తువ్వాలు ఉతికి ఆరేశాను. ఆయన సూట్‌కేసులు కార్లో పెడుతున్నారు, ఒక్కరే మోస్తున్నారు. ఏదో మర్చిపోయినట్టు నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. మర్చిపోయిందేమీ లేదు. వంటింటి గడప బయట చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళి గూటి ముందు నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలీలేదు. దండం పెట్టడానికి అక్కడ దేవుడు లేడు. థాంక్స్ చెప్పడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎవరైనా వింటే ఏమనుకుంటారోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను కూడా.

"వెళ్ళొస్తాం అత్తయ్యా. ఆయన తింటున్నారు. ఇంక నేను చూసుకుంటాను" అన్నాను.

ఆ పిలుపు నా నోట్లోంచి రావడం అదే మొదలు. పిలవడానికి మనిషి ఉంటే కదా! ఎవరూ పలకలేదు. పలుకుతారని నేనూ అనుకోలేదు. చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా లాగి బయటికొచ్చాను. కార్లో ఆయన ఏమైందని అడిగారు. ఏం లేదన్నాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను గానీ, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి మొదటిసారి అత్తవారింటి నుంచి బయల్దేరినట్టు నాకు కడుపు నిండుగా ఉంది, కళ్ళనీళ్ళు కూడా ఆగలేదు.